నాన్న కార్మికుడు, మావయ్య రైతు. కాలుష్యం విషయంలో ఇద్దరూ ఒకే వైపు నిలబడిన చరిత్ర ఎక్కడైనా ఉందా?

నాగావళి_రాయగడ:

అందరికీ నమస్కారం. మాది రాయగడ. చదువంతా ఒడియాలో, ఇంట్లో మాత్రం తెలుగే.

మా నాన్న టౌన్‌కి కాస్త దూరంలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో పర్మనెంట్ కార్మికుడు. అమ్మ పుట్టిల్లు ఆ ఫ్యాక్టరీ కాలువ వచ్చి కలిసే వాగు పక్క ఊరు. మావయ్యకి అక్కడ కొంచెం వరి పొలం ఉంది. వాగు నీళ్లు పెడితే నారు ఎర్రబడిపోతోందని, బోరు నీళ్లు వాసన వేస్తున్నాయని కొన్నేళ్లుగా ఊరంతా మొత్తుకుంటోంది. ఇప్పుడు ఫ్యాక్టరీని ఇంకా పెద్దది చేస్తామని కంపెనీ దరఖాస్తు పెట్టింది. వచ్చే నెల జనశుణాణి, అంటే ప్రజాభిప్రాయ సేకరణ. ఊరి తరఫున మాట్లాడేవాళ్లలో మా మావయ్య ఒకడు. నాన్న వాళ్ల యూనియన్‌ని కూడా కంపెనీ వాళ్లు పిలిచారు. బస్సులు మేమే పెడతాం, అందరూ వచ్చి విస్తరణ కావాలని చెప్పండి అన్నారట.

పోయిన ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది. "గేటు మూయిస్తే నీ మేనకోడలి ఫీజు నువ్వు కడతావా?" అన్నాడు నాన్న. "నీ జీతం కోసం మా పిల్లలు ఆ నీళ్లు తాగాలా బావా?" అని మావయ్య. చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

కాలేజీలో నియమగిరి గురించి, ఆ కొండల మీద బాక్సైట్ గని వద్దని ఊళ్లు చేసిన పోరాటం గురించి చదువుకున్నాను. కాశీపూర్ దగ్గర మైకంచ్ కాల్పుల గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. వాటిలో ఊళ్లవాళ్లు ఒక వైపు, కంపెనీ ఒక వైపు. మా నాన్నలాంటి మనిషి ఎక్కడా కనిపించడు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, ఫ్యాక్టరీ నీళ్లు తాగేవాళ్లు కలిసి నిలబడిన సందర్భాలు నిజంగా ఉన్నాయా? ఉంటే ఏమయ్యాయి? నాన్నకి చెప్పాలంటే నా దగ్గర మాటలు లేవు. తెలిసినవాళ్లు చెప్పండి.

గోపాలపూర్_టీచరు:

మావాళ్లు గోపాలపూర్ నోలియాలు, అంటే సముద్రం మీద బతికే తెలుగు జాలర్లు. నేను బరంపురంలో పాఠాలు చెబుతాను. ఈ తీరంలో జరిగినవి రెండు చెబుతాను.

చిలికాలో 1990ల మొదట్లో టాటాల రొయ్యల ప్రాజెక్టు వస్తుందన్నప్పుడు చుట్టూ ఉన్న జాలరి ఊళ్లు లేచాయి. భువనేశ్వర్ నుంచి విద్యార్థులు వచ్చి ఊరూరా తిరిగారు. ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్పిచ్చింది. అయినా గట్లు కట్టడం ఆగలేదు. 1999 మే 29న చెరువుల గట్లు తెంపిన తర్వాత సొరణలో పోలీసులు కాల్పులు జరిపారు, నలుగురు చనిపోయారు. మా ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదని అమ్మ చెబుతుంది.

సోంపేట మాకు రైల్లో దగ్గరే. బీల నేలల్లో 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు అన్నారు. బీల అంటే ఏడాదంతా నీరుండే తంపర, చిత్తడి నేల. దాని మీద రైతులూ, మత్స్యకారులూ, గడ్డి కోసుకునేవాళ్లూ, గేదెలవాళ్లూ అందరూ బతుకుతారు. 2010 జూలై 14న అక్కడా కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే ప్లాంటుకి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, ఆ జిల్లాలోనే కాకరాపల్లిలో ఇంకో థర్మల్ ప్లాంటు గొడవలో మళ్లీ కాల్పులు.

ఈ రెండు చోట్లా నువ్వు అడిగిన కార్మికుడు లేడమ్మా, నిజమే. కానీ ఒకటి గమనించు. సోంపేటలో రైతు, మత్స్యకారుడు అంతకుముందు అన్నిట్లోనూ ఒకటిగా ఉన్నవాళ్లేం కాదు. నీటి దగ్గర వాళ్ల మధ్యా తగవులున్నాయి. బీల ఉంటేనే తమ తగవులకైనా చోటుంటుందని వాళ్లకి అర్థమైంది.

వంశధార_గుణుపురం:

అమ్మా, నీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నాది గుణుపురం. కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో సెల్ హౌస్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. యూనియన్‌లో కమిటీ మెంబరుగా కూడా ఉన్నాను. ఫ్యాక్టరీ పేరు, ఊరి పేరు రాయను. అక్కడ ఇంకా మావాళ్ల పిల్లలు పనిచేస్తున్నారు.

ముందు నీ నియమగిరి మాట. అక్కడ మీ నాన్న ఎందుకు కనిపించలేదంటే, అది గని రాకముందు జరిగిన పోరాటం. 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టు 12 గ్రామసభలు పెట్టారు. వాటిలో ఏడు మన రాయగడ జిల్లాలో, ఐదు కలహండిలో. పన్నెండూ వద్దనే అన్నాయి. గనే లేదు కాబట్టి గని కార్మికుడు లేడు. మైకంచ్‌లోనూ అంతే. 2000 డిసెంబరు 16న ముగ్గురు ఆదివాసీలు కాల్పుల్లో చనిపోయేనాటికి ఆ అల్యూమినా ఫ్యాక్టరీ ఇంకా కాగితాల మీదే ఉంది. కానీ నియమగిరి కింద లంజిగఢ్‌లో రిఫైనరీ అప్పటికే నడుస్తోంది కదా. 2012 డిసెంబరులో బాక్సైట్ లేక అది కొన్ని నెలలు ఆగింది. ఆ నెలల్లో అక్కడ పనిచేసేవాళ్ల ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో మీ ఇంటిని చూస్తే నీకే తెలుస్తుంది. దాని గురించి రాసినవాళ్లు బాగా తక్కువ. నియమగిరి కొండల ఆదివాసీలు, డొంగ్రియాల గెలుపు నాకు చాలా గర్వంగా ఉంటుంది, అది వేరే సంగతి. అయినా ఆ కార్మికుడి భయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, రేపు కంపెనీ బస్సు ఎక్కేది అతనే.

ఇక నేను కళ్లారా చూసింది చెబుతాను.

మా కాలంలో సెల్ హౌస్ అంటే పాదరసం సెల్స్. పొడవాటి తొట్టెల్లో అడుగున పాదరసం పారుతూ ఉంటుంది, పైన ఉప్పునీరు. కరెంటు పంపితే క్లోరిన్ పైకి వస్తుంది, సోడియం పాదరసంలో కలిసిపోతుంది. దాన్ని నీటితో కలిపితే కాస్టిక్ వస్తుంది, పాదరసం తిరిగి సెల్‌లోకి వెళ్తుంది. పుస్తకంలో అలాగే ఉంటుంది. నిజానికి పాదరసం అంతా తిరిగి రాదు. కొంత గాలిలోకి, కొంత కడిగిన నీళ్లలోకి, కొంత బురదలోకి పోతుంది. క్లోరిన్ లీకైతే కళ్లు మండుతాయి, ఊపిరాడదు, పరుగెత్తి బయటపడతాం. పాదరసం ఆవిరికి వాసన లేదు, రంగు లేదు. వైశాఖంలో ఆ షెడ్డు కింద ఎనిమిది గంటలు నిలబడితే ఎంత పీల్చామో మనకు తెలియదు.

కొన్నేళ్లు పోయాక తెలిసింది. చిగుళ్లు వాచేవి. ఊరికే కోపం వచ్చేది, నిద్ర పట్టేది కాదు. మా షిఫ్టులో ఒకాయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, ఆయనకి అప్పటికి నలభై ఐదు కూడా లేవు. మమ్మల్ని మూత్ర పరీక్షకి పంపేవారు. సీసా మీద మా పేరు ఉండేది, రిపోర్టు మాత్రం మా చేతికి వచ్చేది కాదు. అడిగితే "అంతా నార్మలే" అనేవారు. డ్యూటీ దిగేటప్పుడు బెల్లం ముక్క ఇచ్చేవారు. బెల్లం తింటే లోపలి విషం పోతుందని మేమూ నమ్మాం. డ్రెయిన్లు కడిగే కాంట్రాక్టు కూలీలకి ఆ పరీక్షా లేదు, బెల్లమూ లేదు.

ఫ్యాక్టరీ వెనక చెరువు ఉన్న ఊరి జనం ఒకరోజు గేటు దగ్గరికి వచ్చారు. చెరువులో చేపలు తేలిపోతున్నాయని, పశువులకి జబ్బు చేస్తోందని. అదే రోజు సాయంత్రం మేనేజరు మా యూనియన్‌ని పిలిచి, "వాళ్లు మీ గేటు మూయించడానికి వచ్చారు, మీరే చూసుకోండి" అన్నాడు. ఇప్పుడు మీ నాన్నకి చెప్పిందీ అదే మాట. నలభై ఏళ్లలో మారలేదు.

ఆ రాత్రి మా యూనియన్ మీటింగులో సగం మంది ఊరివాళ్లని తరిమేద్దాం అన్నారు. అప్పుడు మా కార్యదర్శి లేచి, జపాన్‌లో మినమాటా కార్మికులు ఏం చేశారో చెప్పాడు. నేనది అప్పుడే మొదటిసారి విన్నాను, తర్వాత దొరికినదల్లా చదివాను. నీకూ చెబుతాను, ఎందుకంటే నీ ప్రశ్నకి అంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

మినమాటాలో చిస్సో అనే రసాయనాల కంపెనీ పాదరసం వాడి ఎసిటాల్డిహైడ్ తయారుచేసేది. మురుగంతా సముద్రపు ఖాతంలోకి. ఆ చేపలు తిన్నవాళ్లకి చేతులు వంకర్లు పోయాయి, మాట పడిపోయింది, పిల్లులు గిరగిరా తిరిగి చచ్చిపోయాయి. 1956లో ఆ జబ్బు అధికారికంగా బయటపడింది. 1959లో జాలర్లు మురుగు ఆపమని ఫ్యాక్టరీ మీదికి వెళ్లారు. అప్పుడు చిస్సో కార్మిక సంఘం ఎవరి పక్కన నిలబడిందో తెలుసా? కంపెనీ పక్కన. మురుగు ఆపితే ఫ్యాక్టరీ ఆగుతుంది, ఫ్యాక్టరీ ఆగితే ఊరు చస్తుందని ఊరి పెద్దలతో కలిసి చెప్పింది. మీ నాన్న అన్నది కొత్త మాట కాదు తల్లీ.

తర్వాత 1962లో జీతాల గొడవ వచ్చింది. పెద్ద సమ్మె. కంపెనీ పోటీ యూనియన్ పెట్టించి కార్మికుల్ని చీల్చింది. పాత యూనియన్‌లో మిగిలినవాళ్లని తీసుకెళ్లి పనికిమాలిన పనుల్లో పడేసింది, అవమానించింది. కంపెనీ ఎంతకు తెగిస్తుందో తమ దాకా వచ్చాకే వాళ్లకి తెలిసింది. జాలర్లు ఎన్నేళ్ల నుంచి అది పడుతున్నారో అప్పుడు అర్థమైంది. 1968 ఆగస్టులో ఆ పాత యూనియన్ ఒక ప్రకటన చేసింది. మినమాటా రోగుల కోసం ఇన్నాళ్లూ ఏమీ చేయనందుకు కార్మికులుగా, మనుషులుగా సిగ్గుపడుతున్నామని. దాన్ని జపాన్‌లో 'సిగ్గు ప్రకటన' అనే అంటారు. సర్కారు ఆ జబ్బుకి చిస్సోనే కారణమని ఒప్పుకున్నది దాని తర్వాత నెలలో. 1970 మేలో అదే యూనియన్ జీతం కోసం కాకుండా కాలుష్యం మీద సమ్మె చేసింది. రోగులు కోర్టుకి వెళ్లినప్పుడు లోపల ఏం జరిగేదో కార్మికులు సాక్ష్యం చెప్పారు. ఏ పైపు ఎక్కడికి పోతుందో వాళ్లకి తప్ప ఎవరికి తెలుస్తుంది?

మా కార్యదర్శి అడిగింది ఒకటే. "చెరువులోకి పోయే పాదరసం ఎక్కడి నుంచి పోతోంది? మన కాళ్ల మీదుగానే కదా. వాళ్ల చేపల్లో ఉన్నది ముందు మన ఒంట్లో లేదా?" ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత వేతన ఒప్పందానికి పెట్టిన డిమాండ్ల కాగితంలో మూడు కొత్త విషయాలు చేరాయి. పరీక్ష రిపోర్టు కార్మికుడి చేతికివ్వాలి. బురద గుంతకి కింద కాంక్రీటు వేయాలి. చెరువు నీళ్లు పరీక్ష చేయించి ఆ కాగితం పంచాయతీకివ్వాలి. ఆ ఊరి నుంచి కొంతమంది, మా యూనియన్ నుంచి కొంతమంది కలిసి కలెక్టరాఫీసుకి వెళ్లాం. కార్మికులు, ఊరివాళ్లు ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టడం ఆ ఆఫీసువాళ్లు అంతకుముందు చూడలేదు. రిపోర్టులు మా చేతికొచ్చాయి. గుంతకి కాంక్రీటు పడింది. చెరువుకి మాత్రం నష్టపరిహారం రాలేదు. మాతో పాటు మాట్లాడిన ఇద్దరు కాంట్రాక్టు కూలీలకి మళ్లీ ఆ గేటులో పని దొరకలేదు. వాళ్ల కోసం చందా ఎత్తాం, ఎన్నాళ్లు చాలుతుంది? ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

భోపాల్ గురించి అందరికీ 1984 డిసెంబరు రాత్రి తెలుసు. అంతకుముందు సంగతి తక్కువమందికి తెలుసు. 1981 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీలోనే ఫాస్జీన్ అనే విషవాయువు సోకి అష్రఫ్ అనే కార్మికుడు చనిపోయాడు. 1982లో యూనియన్ వాళ్లు ఊరంతా పోస్టర్లు అంటించారు, ఈ గ్యాసుతో కార్మికులకే కాదు, బస్తీలవాళ్లకీ ప్రాణాపాయమని. ఊరు వినలేదు, సర్కారు వినలేదు. అంటే హెచ్చరిక మొట్టమొదట లోపలి నుంచే వచ్చింది. ఆ చావులయ్యాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పదార్థాల గురించి కార్మికులకీ చుట్టుపక్కలవాళ్లకీ చెప్పాలని, ప్రమాదం ముంచుకొస్తుందని తెలిస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికి ఉందని రాశారు. ఆ హక్కు వెనక ఎన్ని వేల శవాలున్నాయో మీ నాన్నకి చెప్పు.

షిఫ్ట్‌బి_రాయగడ:

తాతగారూ, మీరు రాసింది అంతా చదివాను, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మీది పర్మనెంట్ ఉద్యోగం. యూనియన్ ఉంది, గ్రాట్యుటీ ఉంది. నేను ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద చేస్తున్నాను. గేటు మూసేస్తే ఆఫీసు వాళ్లకి, పర్మనెంట్ వాళ్లకి ఏదో లెక్క కడతారు. నాకు రేపటి హాజరు ఉండదు, అంతే. మా ఊరి కుర్రాళ్లు సగం మంది ఇప్పటికే కేరళ రైలెక్కేశారు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. పొగ మంచిది కాదని నాకూ తెలుసు, రాత్రి దగ్గితే నల్లగా వస్తుంది. కానీ ఆకలి పొగ కంటే ముందు చంపుతుంది కదా. మీ చరిత్రలో దీనికి జవాబుందా?

వంశధార_గుణుపురం:

ఉంది బాబూ, మంచిదీ ఉంది, చెడ్డదీ ఉంది. నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న, దాన్ని దాటేసి పర్యావరణం అనేవాళ్ల మాట నేను వినను.

చెడ్డది ముందు. కేరళలో కోళిక్కోడ్ దగ్గర మావూరులో గ్వాలియర్ రేయాన్స్ ఫ్యాక్టరీ. అడవుల్లోని వెదురు తెచ్చి గుజ్జు చేసేవారు, మురుగు చాలియార్ నదిలోకి వదిలేవారు. కింద వాళక్కాడ్‌లో జనం క్యాన్సర్లతో పోతున్నారని పోరాటం నడిచింది. కె.ఎ. రహమాన్ అనే ఆయన దాన్ని నడిపాడు. 1985లో కార్మికుల గొడవతో ఫ్యాక్టరీ మూతపడి మూడేళ్లు తెరుచుకోలేదు. ఆ మూడేళ్లలో కార్మికులు ఆత్మహత్యలు చేసుకున్నారు. తెరవమని రాష్ట్రమంతా కదిలింది, 1988లో తెరిచారు. మురుగు మళ్లీ మామూలే. రహమాన్ 1999 జనవరిలో క్యాన్సర్‌తోనే చనిపోయాడు. ఆ ఏడాదే ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఆకలితో చచ్చినవాళ్లు ఒక ఒడ్డున, విషంతో చచ్చినవాళ్లు ఇంకో ఒడ్డున, ఇద్దరిదీ ఒకే నది. మూస్తే కార్మికుడికి ఏం ఇస్తారు, తెరిస్తే నదికి ఏం చేస్తారు, ఈ రెండూ ఒకే బల్ల మీద ఎప్పుడూ పెట్టలేదు. నాకు అక్కడే కడుపు మండుతుంది.

ఇప్పుడు కాస్త మంచిది. 1996 జూలైలో సుప్రీంకోర్టు ఢిల్లీ నుంచి 168 ప్రమాదకర ఫ్యాక్టరీలను బయటికి పొమ్మంది. అప్పుడు కార్మికుల గురించి కూడా చెప్పింది. వేరే చోటికి మారే ఫ్యాక్టరీల్లో ఉద్యోగం తెగిపోయినట్టు కాదు, మారేదాకా జీతం ఇవ్వాలి, మారినందుకు ఏడాది జీతం అదనం. పూర్తిగా మూసేవాళ్లు ఇవ్వాల్సిన పరిహారాన్ని ముందు ఏడాది జీతమని, తర్వాత ఆరేళ్ల జీతమని పెంచింది. అంటే ఫ్యాక్టరీ ఆగితే కార్మికుడు రోడ్డున పడాల్సిందే అన్నది దేవుడు రాసిన రాత కాదు. కానీ అక్కడా నీలాంటివాళ్లు చాలామంది నష్టపోయారు. రిజిస్టర్లో పేరు లేదు, హాజరు కార్డు లేదు, పని చేశామని చూపించడానికి ఏమీ లేదు. అందుకే చెబుతున్నాను, నీ పేరు పీఎఫ్‌లో, ఈఎస్ఐలో ఉందో లేదో ఈ వారమే చూసుకో. వేతన స్లిప్పులు దాచుకో. ఆ దగ్గు గురించి ఈఎస్ఐ డాక్టరుకి చెప్పేటప్పుడు ఏ పని చేస్తావో చీటీ మీద రాయించుకో. లేకపోతే అది ఉత్త దగ్గుగానే మిగులుతుంది.

ఊరివాళ్లకి కూడా ఒకటి చెప్పాలి. గేటు మూయండి అని అరిచేటప్పుడు, మూసినన్నాళ్లూ కాంట్రాక్టు వాళ్లతో సహా అందరికీ జీతం ఇవ్వండి అని అదే గొంతుతో అరవాలి. అప్పుడు నువ్వు బస్సు ఎక్కే ముందు ఒకసారి ఆలోచిస్తావు.

బల్లార్షా_వాసి:

మాది చంద్రపూర్ జిల్లా, బల్లార్షా. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గు గనిల పనికి వచ్చిండు, మేం ఇక్కడే స్థిరపడ్డం. మా దగ్గర గని, థర్మల్, కాగితం మిల్లు, సిమెంటు అన్నీ ఉన్నయ్. 2009ల కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంల 43 ప్రాంతాలను తీవ్రంగా కలుషితమైనవని లెక్క తీస్తే చంద్రపూర్ నాలుగోది.

నేను చెప్పేది చిన్న ముచ్చట. ఇక్కడ కార్మికుడు వేరు, ఊరోడు వేరు అనేది లేదు. థర్మల్ల డ్యూటీ చేసేటోని ఇంటి మీదనే ఆ బూడిద పడుతది. మా అమ్మ బట్టలు ఆరేస్తే సాయంత్రం దులుపుకొని తెచ్చేది. అదే 2009ల తాడోబా పులుల అడవి పక్కన లోహారాల కొత్త బొగ్గు గని అన్నప్పుడు చంద్రపూర్ల నిరాహార దీక్షలు జరిగినయ్. దానికి మద్దతు ఇచ్చినోళ్లల గని కార్మికుల ఇండ్లోళ్లు కూడ ఉన్నరు. మా నాయిన ఉన్నడు. బొగ్గు తవ్వి మమ్మల్ని చదివించినోడే ఆ అడవి ఉండాలన్నడు. ఆ గని ఆగిపోయింది. చెల్లె, మీ నాయినను బద్నాం చెయ్యకు. ఆయనకు తెలిసినంత మీ మావయ్యకు తెల్వది.

నాగావళి_రాయగడ:

అందరికీ చాలా థాంక్స్. తాతగారి మొదటి జవాబు నిన్న రాత్రి నాన్నకి చదివి వినిపించాను. మినమాటా దగ్గరికి వచ్చేసరికి టీవీ కట్టేశాడు. అంతా విన్నాక, "మాకూ ఆ రిపోర్టులు ఇవ్వరు" అని ఒక్క మాట అన్నాడు. తర్వాత ఇంకాసేపటికి, వాన పడే రాత్రుళ్లు ఏ వాల్వు తెరుస్తారో అమ్మకి చెబుతుంటే విన్నాను. నేను ఇంట్లో పుట్టి పెరిగి ఇన్నేళ్లలో ఆయన నోట ఆ సంగతి వినలేదు.

బస్సు ఎక్కనని అన్నాడు. కానీ వ్యతిరేకంగా కూడా మాట్లాడడట. ఇంకా సర్వీసు ఉంది, నాకు అర్థమవుతోంది. మావయ్య ఇంకా మా ఇంటికి రావడం లేదు. జనశుణాణి దగ్గర పడుతోంది. నేను ఏం చేయగలను? ఊళ్లో చాలామందికి తెలుగు, కుయి (ఇక్కడి ఆదివాసీల భాష) వచ్చు, ఒడియా చదవడం రాదు. అదే టెన్షన్‌గా ఉంది.

వంశధార_గుణుపురం:

మీ నాన్న అక్కడ నోరు విప్పక్కర్లేదమ్మా. ఆయన్ని బలవంతం చేయకు. సర్వీసులో ఉన్న మనిషిని వేదిక మీదికి ఎక్కించి తర్వాత ఎవరూ ఆదుకోలేకపోతే అది పాపం. ఆయనకి తెలిసినదాన్ని ప్రశ్నగా మార్చొచ్చు. ఏ వాల్వు అని మావయ్య చెప్పకూడదు. వానాకాలం రాత్రుల్లో బయటికి వెళ్లే నీళ్ల కొలత, పరీక్ష రికార్డులు చూపించండి అని అడగాలి. లోపలివాడు ఇచ్చింది బయటివాడి నోట ప్రశ్నగా వస్తే ఎవరి ఉద్యోగానికీ ముప్పు ఉండదు. ఈ సంగతి వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటేనే తేలుతుంది. మీ అమ్మని పంపు. మావయ్య అక్కగారి మాట కాదనడు.

తర్వాత పని నీది. 2006 నోటిఫికేషన్ ప్రకారం జనశుణాణికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, ఒకటి జాతీయ పత్రికలో, ఒకటి స్థానిక భాషా పత్రికలో. ఆ కటింగ్ దాచు. పర్యావరణ ప్రభావ నివేదిక, దాని ఒడియా సారాంశం కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో జనం చూసుకోడానికి పెట్టాలి. నువ్వు ఒడియా చదువుకున్నదానివి. వెళ్లి చదువు. అందులో మీ మావయ్య ఊరి వాగు గురించి ఏం రాశారో, అసలు ఆ వాగు ఉన్నట్టు రాశారో లేదో చూడు. కొన్ని నివేదికల్లో ఊరి పేరు కూడా ఉండదు. చదివింది ఊళ్లో తెలుగులో, కుయి వచ్చిన వాళ్ల సాయంతో కుయిలో చెప్పు. పొలం, బోరు, పశువుల సంగతి ఎవరికి వారు చెబుతుంటే రాసి, వేలిముద్రో సంతకమో పెట్టించి, కాలుష్య నియంత్రణ మండలికి ముందే పంపొచ్చు. సభకి రాలేనివాళ్ల మాట కూడా అలా లెక్కలోకి వస్తుంది. ఒక నకలు మీద ముద్ర వేయించుకోవడం మరిచిపోకు.

ఆ అర్జీలో కార్మికుల గురించి ఒక పేరా పెట్టండి. లోపల పనిచేసే ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టు వాళ్లతో సహా, ఏటా ఆరోగ్య పరీక్ష చేసి రిపోర్టు చేతికివ్వాలని ఊరివాళ్లు అడగాలి. పైన రాసిన షిఫ్ట్‌బి అబ్బాయి కూడా మీ జిల్లావాడే, అతనికి ఆ పేరా చూపించు. ఊరు తన కోసం అడిగిందని తెలిస్తే కార్మికుడు ఊరికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోడు.

సభ రోజున మొత్తం వీడియో తీస్తారు, తీయాలి. చివర్లో జనం చెప్పినవన్నీ రాసి, స్థానిక భాషలో గట్టిగా చదివి వినిపించాకే అధికారి సంతకం పెట్టాలి. చాలాచోట్ల అప్పటికి జనం భోజనాలకి లేచి వెళ్లిపోతారు, అక్కడే నష్టపోతాం. మీవాళ్లని చివరిదాకా కూర్చోమను. మావయ్య చెప్పింది ఆ చదివినదాంట్లో లేకపోతే అప్పుడే లేచి లేదని చెప్పాలి, వీడియో ఇంకా నడుస్తుండగానే.